ఎండ చూసి పడవ ఎక్కొద్దు: వసంతంలో డెలావేర్ నది మీద కెనూ, కయాక్ ప్రయాణాలు (అపోహలు - వాస్తవాలు)

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లోని మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "ఈ వీకెండ్ డెలావేర్‌లో కయాకింగ్‌కి పోదామా?" అని మొదలవుతుంది. కయాక్ అంటే రెండు కొసలా ఆకున్న తెడ్డుతో నడిపే సన్నని పడవ, కెనూ అంటే ఒక కొసనే ఆకున్న తెడ్డుతో నడిపే, పైన తెరిచి ఉండే పడవ. ఈ నది మీద గుంపుల్ని తీసుకెళ్ళే వాలంటీర్‌గా ఆ ఉత్సాహం చూస్తే నాకు సంతోషమే. కొండల మీద లేత చిగుళ్ళు, నెత్తిమీద చక్కర్లు కొట్టే బాల్డ్ ఈగిల్, జనం సందడి లేని నది, ఇవన్నీ జూలైలో దొరకవు. అయితే కొత్తవాళ్ళకు ఏడాది మొత్తంలో ఎక్కువ ప్రమాదం కూడా ఈ నెలల్లోనే. బయల్దేరే ముందు నాకు తరచూ వినపడే మాటలు ఇవి.

అపోహ: బయట 75 ఫారెన్‌హీట్ (సుమారు 24 సెల్సియస్) ఉంది, టీషర్ట్, షార్ట్స్ చాలు.

గాలి వేడెక్కినంత తొందరగా నది వేడెక్కదు. క్యాట్‌స్కిల్స్ కొండల్లో కరిగిన మంచు నీళ్ళు ఇందులోకే వస్తాయి. న్యూయార్క్ నగరానికి తాగునీరిచ్చే క్యానన్స్‌విల్, పెపాక్టన్ రిజర్వాయర్ల అడుగు నుంచి వదిలే చన్నీళ్ళు కూడా పైనుంచి వచ్చి కలుస్తాయి. ఒడ్డున 75 ఫారెన్‌హీట్ ఉన్న ఏప్రిల్ మధ్యాహ్నం నదిలో 50, అంటే 10 సెల్సియస్, ఉండటం మామూలే. పైగా నీరు మన ఒంట్లో వేడిని గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది.

అందుకే పడవలో కూర్చోవడానికి కాదు, నీళ్ళలో పడటానికి తగ్గట్టు బట్టలు వేసుకోమంటాను. నీళ్ళు 60 ఫారెన్‌హీట్ లోపు ఉంటే వెట్‌సూట్ (తడిసినా ఒంటి వేడిని పట్టి ఉంచే రబ్బరు సూట్) గానీ డ్రైసూట్ (నీళ్ళు లోపలికి రానివ్వని సూట్) గానీ లేనివాళ్ళను మా గుంపులో పడవ ఎక్కనివ్వం. ఎంత దగ్గరివాళ్ళయినా సరే. జీన్స్, కాటన్ తడిస్తే ఆరవు, ఒంటిని అంటుకుని ఇంకా చల్లబరుస్తాయి. ఫ్లీస్, ఉన్ని, సింథటిక్ నయం. సూట్ అద్దెకు దొరక్కపోతే జూన్ దాకా ఆగండి, నది ఎక్కడికీ పోదు.

అపోహ: నేను చిన్నప్పుడు గోదావరి ఈదినవాణ్ణి, నాకు లైఫ్ జాకెట్ ఎందుకు?

ఈ మాట అనేది ఎక్కువగా మన బాబాయిలు, పెదనాన్నలు. వాళ్ళ ఈతను నేను తక్కువ చేయడం లేదు. కానీ గోదావరి నీళ్ళు ఒంటికి హాయిగా ఉంటాయి. ఇక్కడ పడగానే జరిగేది వేరు. చన్నీళ్ళు ఒక్కసారిగా తగిలితే మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని పెద్ద గుక్క పీలుస్తాం. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే పీల్చేది నీళ్ళే. దీన్నే కోల్డ్ షాక్ అంటారు. గజ ఈతగాళ్ళకూ ఇది తప్పదు.

బాగా చల్లని నీళ్ళ గురించి శిక్షణలో 1-10-1 అని నేర్పుతారు. మొదటి 1 నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికే సరిపోతుంది. ఆ తర్వాత సుమారు 10 నిమిషాలు మాత్రమే చేతులూ కాళ్ళూ మన మాట వింటాయి. స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. అంటే జాకెట్ లేనివాళ్ళు ఒళ్ళు గడ్డకట్టేదాకా కూడా ఆగరు, ఆ పది నిమిషాల తర్వాత ఈత కొట్టలేక మునిగిపోతారు. అప్పటికి వేళ్ళు ఎలా ఉంటాయంటే, చేతిలో తాడు పెట్టినా పిడికిలి మూయలేరు. జాకెట్ జిప్ పెట్టుకోవడమైతే అసాధ్యం. "అవసరమైతే వేసుకుంటా" అని సీటు కింద పెట్టుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

చట్టం కూడా ఇదే చెబుతుంది. పెన్సిల్వేనియాలో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 వరకు కెనూ, కయాక్‌లలో ఉన్న ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి. ఎగువ డెలావేర్‌లో ఐతే ఏ నెలైనా సరే, బ్యారీవిల్ ఊళ్ళోని గేజ్ (నది మట్టం కొలిచే పరికరం) దగ్గర నీటిమట్టం 6 అడుగులు దాటితే తప్పనిసరి.

జాకెట్ సరిపోయిందో లేదో ఇలా చూడండి. బెల్టులన్నీ బిగించాక పక్కవాళ్ళను రెండు భుజాల పట్టీలు పట్టుకుని గట్టిగా పైకి లాగమనండి. అది చెవుల దాకా వచ్చేసిందంటే వదులుగా ఉన్నట్టే. పిల్లలకు పెద్దవాళ్ళ జాకెట్ వేసి సర్దుకుపోవద్దు.

అపోహ: పడవ బోల్తా పడితే లేచి నిలబడితే సరి, నడుము లోతేగా.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఈ నమ్మకమే, ఎందుకంటే వినడానికి చాలా సబబుగా ఉంటుంది. నది అడుగున రాళ్ళ మధ్య సందులుంటాయి. పారే నీళ్ళలో నిలబడబోతే పాదం అలాంటి సందులో ఇరుక్కుంటుంది, వెనక నుంచి ప్రవాహం మనిషిని ముందుకు తోసేస్తుంది. నీటి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. ఒకసారి ముందుకు వంగిపోతే వెనక్కి లేవడం దాదాపు అసాధ్యం. నడుము లోతులోనే మనిషి మునిగిపోతాడు.

నీళ్ళు మోకాలి కన్నా లోతుంటే నిలబడొద్దు. వెల్లకిలా తేలుతూ, కాళ్ళు ప్రవాహం పోయే వైపు చాపి, కాలివేళ్ళు నీటిపైకి కనిపించేలా ఉంచండి. అలా తేలుతూ చేతులతో ఒడ్డుకు వాలుగా రండి. తెడ్డు చేతిలో ఉంటే వదలొద్దు. పడవకు దిగువ వైపున మాత్రం ఎప్పుడూ ఉండకండి. నీళ్ళు నిండిన 16 అడుగుల కెనూ అర టన్ను పైమాటే, దానికీ బండరాయికీ మధ్య చిక్కుకుంటే కాళ్ళు నలిగిపోతాయి.

ఇంకో మాట. పడవ రాయికి అడ్డంగా కొట్టుకోబోతుంటే భయంతో అందరూ రాయికి దూరంగా ఒరుగుతారు. అప్పుడు ఎగువ అంచు కిందికి వంగి, నీళ్ళు పడవలోకి ఎక్కేస్తాయి. రాయి వైపుకే ఒరగాలి, వీలైతే దాన్ని కౌగిలించుకోవాలి.

అపోహ: రాపిడ్స్ (రాళ్ళ మీద నది ఉరకలు వేసే చోట్లు) దాటేస్తే ఇక టెన్షన్ లేదు.

ఈ నది మీది పేరుమోసిన రాపిడ్ స్కిన్నర్స్ ఫాల్స్ పేరు వినగానే అందరూ జాగ్రత్తపడతారు. నెమ్మదిగా పారే మలుపులో ఒడ్డు నుంచి ఒరిగిపోయిన చెట్టును మాత్రం ఎవరూ పట్టించుకోరు. వసంతం వరదలకు కొత్తగా కూలిన చెట్లు కిందటేడు లేనిచోట కనిపిస్తాయి. కొమ్మల సందుల్లోంచి నీళ్ళు పోతాయి, మనిషి పోలేడు, అక్కడే నొక్కుకుపోతాడు. మలుపుల్లో ప్రవాహం బయటి ఒడ్డుకే లాగుతుంది, చెట్లు పడేదీ అక్కడే. కాబట్టి మలుపు రాకముందే లోపలి ఒడ్డు వైపు చేరండి. ఇక తప్పించుకోలేం అనిపిస్తే వెల్లకిలా ఉండొద్దు. బోర్లా తిరిగి, తల ముందుకు పెట్టి, బలమంతా పెట్టి ఈదుతూ ఆ దుంగ మీదికి ఎగబాకాలి.

అపోహ: కయాక్ డేంజర్, కెనూ సేఫ్.

కొత్తవాళ్ళ చేతిలో రెండూ తిరగబడతాయి. కెనూలో వెనక కూర్చున్నవాళ్ళే దారి తిప్పుతారు కాబట్టి అక్కడ అనుభవం ఉన్నవాళ్ళు ఉండాలి. మొగుడూ పెళ్ళాలిద్దరూ కొత్తవాళ్ళయితే చెరో అనుభవజ్ఞుడితో కూర్చోబెట్టడం మేలు.

అపోహ: ఇంతమందిమి ఉన్నాం, ఏమవుతుంది?

ఎవరి పని ఏమిటో తేల్చుకోకపోతే ఇరవై మంది ఉన్నా లాభం లేదు. అందరూ ఎవరో ఒకరు చూస్తున్నారనుకుంటారు. మేం నాలుగైదు పడవలకొక జట్టు కడతాం. ముందు పడవను ఎవరూ దాటరు, చివరి పడవ వెనక ఎవరూ ఉండరు. ఆ రెండిట్లో నది తెలిసినవాళ్ళు, త్రో బ్యాగ్ (నీళ్ళలో పడ్డవాళ్ళకు విసిరే తాడు సంచీ) ఉంటాయి. ప్రతి పడవా తన వెనక పడవను చూసుకుంటుంది, అది కనపడకపోతే ఆగుతుంది. ప్రతి జాకెట్‌కూ ఒక విజిల్. మూడుసార్లు ఊదితే ఆపద అని అర్థం. బీరు ఒడ్డుకు చేరాకే.

బయల్దేరాలా వద్దా అన్నది ఆ ఉదయం ఆకాశాన్ని చూసి కాదు, గేజ్ చూసి తేల్చాలి. డింగ్‌మన్స్ ఫెర్రీ నుంచి బుష్‌కిల్ వరకు, అంటే సుమారు 10 మైళ్ళకు, మేం యూఎస్ జియలాజికల్ సర్వే వాళ్ళ మాంటేగ్ గేజ్ చూస్తాం. ముందు రోజు పైన వానపడి మట్టం పెరుగుతూ ఉంటే, ఇక్కడ ఎండ కాస్తున్నా వాయిదా వేస్తాం. ఈ మాట రేవు దగ్గర చెబితే ఎవరూ వినరు, అప్పటికే పులిహోర డబ్బాలు కార్లు దిగిపోయి ఉంటాయి. అందుకే శుక్రవారం రాత్రే గ్రూపులో మెసేజ్ పెట్టేస్తాం. వెళ్ళడం ఖాయమైతే పొడి బట్టలు, ఫ్లాస్కులో వేడి టీ దిగువ రేవు దగ్గర పెట్టే కారులో ఉంచి, దాని తాళం వాటర్‌ప్రూఫ్ సంచీలో చివరి పడవవాళ్ళకు ఇస్తాం.