ధనుష్కోటి రైలు ఎవరి కోసం?

తమిళనాడులో రామేశ్వరం నుంచి, అదే దీవి కొసన ఉన్న ధనుష్కోటికి మళ్లీ రైలు నడపాలని 2019 మార్చి 1న ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. లైను పొడవు 17 కిలోమీటర్ల పైచిలుకు. అదే రోజు శంకుస్థాపన జరిగిన, రామేశ్వరం దీవిని ప్రధాన భూభాగంతో కలిపే కొత్త పాంబన్ వంతెన 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైపోయింది కూడా. ధనుష్కోటి లైను మాత్రం కాగితాలు దాటలేదు. ఎందుకో తెలియాలంటే, ఒక ఇసుక తిన్నె చివర అసలు స్టేషన్ ఎందుకు కట్టారో చూడాలి.

ఆ స్టేషన్ కట్టింది యాత్రికుల కోసం కాదు, పడవ కోసం. అప్పటిదాకా మద్రాసు నుంచి కొలంబో వెళ్లాలంటే తూత్తుకుడిలో ఓడ ఎక్కి చాలా దూరం సముద్రం మీద పోవాల్సి వచ్చేది. 1914లో పాంబన్ వంతెన పూర్తయ్యాక రైలు నేరుగా ధనుష్కోటి రేవు దాకా వచ్చింది. అక్కడ స్టీమరెక్కితే అవతలి ఒడ్డున శ్రీలంకలోని తలైమన్నార్, దాదాపు 35 కిలోమీటర్లు. తలైమన్నార్‌లో కొలంబో రైలు. మొత్తం ప్రయాణానికి ఒకటే టికెట్. ఈ రైలుకే బోట్ మెయిల్ అని పేరొచ్చింది. పడవ పోయి ఎన్నాళ్లయినా, చెన్నై–రామేశ్వరం ఎక్స్‌ప్రెస్‌ను ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

పాంబన్ దగ్గర లైను రెండుగా చీలేది. అందులో పెద్దపీట ధనుష్కోటిదే. ఇంత పేరున్న రామేశ్వరానికి వెళ్లేది బ్రాంచి లైను! బ్రిటిష్ వాళ్లకు కావలసింది గుడి కాదు, సిలోన్ (నేటి శ్రీలంక). అక్కడి తేయాకు తోటలకు తమిళ కూలీలు పెద్ద సంఖ్యలో ఈ దారినే వెళ్లారు. ఓడెక్కే ముందు వాళ్లను వంతెనకు ఇవతల, మండపం అనే ఊళ్లోని క్యాంపులో క్వారంటైన్‌లో ఉంచేవారు. రైలు, రేవు ఉండటంతో ధనుష్కోటిలో కస్టమ్స్, పోస్టాఫీసు, బడి, చర్చి వెలిశాయి.

1964 డిసెంబరు 22 రాత్రి తుపాను వచ్చింది. పాంబన్ నుంచి బయల్దేరిన ప్యాసింజర్ రైలు ధనుష్కోటి చేరబోతుండగా ఉప్పెన దాన్ని ముంచేసింది. అందులో ఉన్నవాళ్లెవరూ బతకలేదు. ప్రయాణికులు, సిబ్బంది కలిపి 115 మంది అన్నది ఎక్కువగా వినిపించే లెక్క. టికెట్ లేకుండా ఎక్కినవాళ్లు ఆ లెక్కలోకి రారు కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువే అంటారు. ఊరు కూడా కొట్టుకుపోయింది. ఆ తర్వాత మద్రాసు ప్రభుత్వం అది నివాసయోగ్యం కాదని ప్రకటించింది.

దెబ్బతిన్న పాంబన్ వంతెనను రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్ నాయకత్వంలో 46 రోజుల్లో బాగుచేశారు. ధనుష్కోటి లైనును మాత్రం వదిలేశారు. అంటే చేతకాక కాదు, ప్రాధాన్యం మారింది. పడవ రామేశ్వరం నుంచి తిరగసాగింది కాబట్టి బ్రాంచి లైనే అసలు లైనైంది. 1980లలో శ్రీలంక గొడవలతో ఆ పడవా ఆగింది. యుద్ధంలో పాడైన తలైమన్నార్ లైనును భారత్ సాయంతో మళ్లీ వేశారు. 2015లో అక్కడికి రైలు వచ్చింది. ఇవతలి ఒడ్డున మాత్రం పట్టాలు రామేశ్వరం దగ్గరే ఆగిపోయాయి.

ఇప్పుడు కొత్త లైను వేస్తే ఎక్కేది పర్యాటకులూ యాత్రికులే. వాళ్లకు 2017 నుంచి ధనుష్కోటి దాటి, నేల చిట్టచివరి కొస అరిచల్‌మునై దాకా మంచి రోడ్డే ఉంది. పైగా ఆ తీరం తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు, ఫ్లెమింగోలు వాలే చోటు. 2025 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం అక్కడ ఫ్లెమింగో అభయారణ్యాన్ని ప్రకటించింది. రైలు లైను విషయంలో మాత్రం ఆ ప్రభుత్వం సుముఖంగా లేదు. 1964ను చూసిన తీరంలో ఆ జంకు అర్థం లేనిదేమీ కాదని నాకనిపిస్తుంది. రైలుకు అక్కడ పనిపెట్టింది పడవ. 2023లో శ్రీలంకకు పడవ మళ్లీ మొదలైంది గానీ, అది బయల్దేరేది నాగపట్నం నుంచి.