రీసెర్చ్ మెథడ్స్ మీద విద్యార్థుల అపోహలు, మాస్టార్ల అపోహ కూడా

అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు సైకాలజీ చెబుతాను. అందులో రీసెర్చ్ మెథడ్స్, అంటే పరిశోధన ఎలా చేయాలో నేర్పే పేపర్ ఒకటి. "మనసు గురించి చదువుదామని వస్తే ఈ లెక్కలేంది సార్?" అని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు.

అపోహ: లెక్కలు రానివాళ్లకు ఈ పేపర్ ఎక్కదు.

వాస్తవం: లెక్కల కన్నా ముందు కావాల్సింది పోల్చి చూసే బుద్ధి. అది మన పిల్లలకు ఇంటినుంచే వస్తుంది. ఒకమ్మాయి క్లాసులో చెప్పింది: వాళ్ల నాన్న ఒక చేన్లో కె-6 శెనక్కాయ, ఇంకో చేన్లో కదిరి లేపాక్షి రకం వేశాడట, రెండోదే బాగా పండిందట. "రెండు చేన్లకూ నీళ్లు ఒకటేనా?" అన్నాను. కాసేపు ఆలోచించి, "రెండోది బోరు కింద ఉంది సార్. అట్లయితే విత్తనం వల్లే అని చెప్పలేం" అంది. చరాలను, అంటే నీళ్లు, విత్తనం లాంటి ఫలితాన్ని మార్చే అంశాలను నియంత్రించడం అంటే ఇదే. విద్యార్థులు భయపడే ఎనోవా (గుంపుల సగటుల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని తేల్చే లెక్క) పుట్టింది కూడా పొలాల్లోనే. 1919లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన గణాంక శాస్త్రవేత్త ఫిషర్, పంటల ప్రయోగాల లెక్క తేల్చడానికే దాన్ని తయారు చేశాడు.

అపోహ: కౌన్సెలర్ అయ్యేవాళ్లకు ఇది అనవసరం.

వాస్తవం: 2015లో 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మొదట 97 శాతం అధ్యయనాల్లో గణాంకపరంగా గట్టి ఫలితాలు వచ్చాయి. రెండోసారి 36 శాతంలోనే వచ్చాయి. ఏది నిలుస్తుందో తేల్చుకోలేని కౌన్సెలర్‌ని నమ్మి మనిషి ఎట్లా వస్తాడు?

అపోహ: మార్కులు బిగిస్తే ఆసక్తి అదే వస్తుంది.

వాస్తవం: ఇది మాస్టార్ల అపోహ, నాక్కూడా చాన్నాళ్లు ఉండేది. ప్రేరణ నిలవాలంటే సొంతంగా ఎంచుకునే స్వేచ్ఛ, నాకు చేతనవుతుందన్న నమ్మకం, తోటివాళ్ల తోడు కావాలని డెసీ, రయాన్ అనే సైకాలజిస్టులు చెప్పారు. ప్రాజెక్టుకు అందరికీ ఒకే టాపిక్ ఇచ్చినన్నాళ్లూ సీనియర్ల పాత రికార్డులు చూసి రాసుకొచ్చేవాళ్లు. ఇప్పుడు ప్రశ్న వాళ్లదే. హాస్టల్ పిల్లల జట్టు ఒకటి పరీక్షల భయం మీద ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగులోకి మార్చింది. 'ఉద్విగ్నత' అని రాస్తే స్నేహితులకు అర్థం కాలేదు, 'టెన్షన్' అని రాస్తే వెంటనే జవాబిచ్చారు. మరుసటి రోజు స్టాఫ్ రూమ్‌కి వచ్చి అడిగారు: "మాట మార్చినాం కదా సార్, ఇది ఇంకా అదే భయాన్ని కొలుస్తుందా?"

సప్రమాణత (కొలవాలనుకున్నదాన్నే కొలుస్తోందా అన్నది) పాఠం సిలబస్‌లో ఇంకా నెల దూరంలో ఉంది. ఆ రోజే చెప్పాను.