తోడేకొద్దీ దిగిపోయే నేల

ఇంగ్లాండు తూర్పున ఉన్న కేంబ్రిడ్జ్‌షైర్ కౌంటీ పేరు చెబితే విశ్వవిద్యాలయమే అందరికీ గుర్తుకొస్తుంది కాని, భూగోళం చదివేవారిని కట్టిపడేసేది ఆ కౌంటీ ఉత్తరాన పరుచుకొన్న, ఒకప్పుడు చిత్తడిగా ఉన్న ఫెన్ మైదానం. అక్కడి హోమ్ ఫెన్‌లో 1850ల మొదట్లో ఒక ఇనుప స్తంభాన్ని అడుగునున్న బంకమట్టి దాకా దింపి, దాని తల సరిగ్గా నేలమట్టానికి వచ్చేటట్లు పాతారు. ఇప్పుడది నేలపైన సుమారు 4 మీటర్ల ఎత్తు కనిపిస్తోంది. స్తంభం పైకి లేవలేదు, చుట్టూ ఉన్న నేల దిగిపోయింది. సముద్రమట్టానికి దాదాపు 2.75 మీటర్ల దిగువన ఉన్న ఈ చోటు గ్రేట్ బ్రిటన్‌లోకెల్లా పల్లం.

కారణమంతా పీట్ అనే నల్లనేలలో ఉంది. నీట మునిగిన రెల్లు, నాచు వంటివి గాలి తగలక పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లపాటు పేరుకొంటే ఏర్పడే ఈ నేల బరువులో ఎక్కువ భాగం నీరే. 17వ శతాబ్దంలో బెడ్‌ఫర్డ్ ప్రభువు, ఆయనతో చేరిన మదుపరులు డచ్చి ఇంజనీరు కార్నీలియస్ వెర్మాయిడెన్ చేత సుమారు 34 కిలోమీటర్ల పొడవున తిన్నని కాలువలు తవ్వించి ఈ చిత్తడిని ఆరబెట్టడానికి పూనుకొన్నారు. తడిపిండితో పెట్టిన వడియం ఎండలో పలచబడినట్టే నీరు పోయిన పీట్ కూడా ముడుచుకొంటుంది. అయితే ఎండిన వడియం ఆ మందంలో నిలిచిపోతుంది, పీట్ నిలవదు. నీరు ఖాళీ చేసిన సందుల్లోకి గాలి చొరబడగానే సూక్ష్మజీవులు అందులోని ఆక్సిజన్‌ను వాడుకొని వేల ఏళ్ల కర్బనాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తాయి కనుక, నేల నిజంగానే గాలిలో కలిసిపోతుంది. పొలం కాలువకన్నా దిగువకు జారితే నీరు తనంతట పారదు, తోడిపొయ్యాలి. తోడితే పీట్ ఇంకా లోతుకు ఆరుతుంది. ఆరినంత మేరా మళ్లీ దిగుతుంది. అందుకే గాలిమరలు చాలక ఆవిరి యంత్రాలు, ఆ తరవాత డీజిల్, విద్యుత్ పంపులు రావలసి వచ్చింది. 1851లో హోమ్ ఫెన్‌ను ఆనుకొని ఉన్న విట్‌లసీ మియర్ అనే పెద్ద సరస్సునే ఆవిరి పంపుతో ఖాళీ చేశారు. హోమ్ ఫెన్ స్తంభం కొలుస్తున్నది ఆ పని ఫలితాన్నే.

నది పల్లంలో పారుతుందని బడిలో చెబుతాం. ఇక్కడ కరకట్టల నడుమ నది పైన పారుతుంటే పొలాలు కింద ఉంటాయి. పూర్వపు వాగుల్లో పేరుకొన్న ఒండ్రు పీట్‌లా కుంగదు కాబట్టి, ఒకప్పటి వాగుల అడుగులు నేడు మెరకలై, వంకరలతో సహా పొలాల మధ్య తేలి కనిపిస్తాయి. గట్టి నేల కోసం వాటి మీద ఇళ్లు కట్టుకొన్నారు.

ఈలీ పట్టణం ఒకనాడు ఈ చిత్తడి మధ్య ద్వీపం. ఈల్ చేపలు, అడవి పిట్టలు, రెల్లు అక్కడివారి బతుకుతెరువు. చిత్తడిని ఆరబెడితే తమ జీవనం పోతుందని జనం గట్లు తెగ్గొట్టిన మాట వాస్తవం, వారి భయమూ సబబైనదే. అక్కడ పీడించిన చలిజ్వరానికి బురద నుంచి లేచే చెడుగాలి కారణమని శతాబ్దాలపాటు నమ్మారు. ఆ నమ్మకాన్ని కూల్చిన పరిశోధనలో కీలకఘట్టం, 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూడడం, మన సికింద్రాబాదులోనే జరిగింది.

ఆరిన నేల బంగాళాదుంప, సెలరీ, చక్కెర బీటు పంటలతో ఇంగ్లాండుకు అన్నం పెడుతోంది. హోమ్ ఫెన్ చుట్టుపక్కల మాత్రం గ్రేట్ ఫెన్ పథకం కింద కొన్ని పొలాలకు మళ్లీ నీరు పెడుతున్నారు. నీరు నిండితే గాలి అందక పీట్ కరగడం నెమ్మదిస్తుంది, కాని పోయిన ఎత్తు తిరిగి రాదు: పీట్ ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి, 4 మీటర్లు పూడడానికి దాదాపు 4,000 ఏళ్లు పడుతుంది.