నీలం పెట్రోలు అడుగున నీళ్లు: కనిపెట్టాల్సింది పైలటేనా?

గాల్లోకి లేచిన నిమిషంలోపే ఇంజిన్ ఆగి ఒక చిన్న విమానం పొలంలో కూలిందంటే, పొగ ఇంకా చల్లారకముందే వినబడే మాట ఒకటుంది: "బయల్దేరే ముందు పైలట్ సరిగ్గా చూసుకోలేదు." పెట్రోల్లో నీళ్లు చేరి ఇంజిన్ ఆగితే తప్పు పైలట్‌దా, విమానం తయారుచేసినవాళ్లదా అన్న ఆ వాదన మళ్లీ రాజుకుంది. 1935లో బోయింగ్ బాంబర్ కూలిపోవడం, దాంతో బయల్దేరే ముందు ఒక్కొక్కటీ సరిచూసుకునే చెక్‌లిస్టు పుట్టడం అందరూ ఎక్కడో ఒకచోట చదివిందే, దాన్ని వదిలేద్దాం. ఈనాటి తగాదా అర్థం కావడానికి రెండు సంవత్సరాలు చాలు: 1984, 1994. నా దృష్టిలో అసలు మలుపు రెండోది.

ముందు ఆ "చూసుకోవడం" ఎలా ఉంటుందో చూడాలి. తెల్లవారుజామున శిక్షణ విమానం రెక్క కింద ఓ కుర్రాడు వంగి నిలబడతాడు. చేతిలో పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసు, దాని మధ్యలో చిన్న పుల్ల. ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వును ఆ పుల్లతో పైకి నొక్కితే గ్లాసులోకి పెట్రోలు కారుతుంది. పిస్టన్ ఇంజిన్ విమానాలు వాడే '100 లో-లెడ్' (సీసం తక్కువున్న) పెట్రోలుకు లేత నీలం రంగు వేస్తారు. నీరు దానికంటే బరువు కాబట్టి, ఉంటే గ్లాసు అడుగున బొట్లుగానో పొరగానో కనబడిపోతుంది. కానీ గ్లాసు నిండా వచ్చింది నీళ్లే అయితే? అప్పుడు పొరా ఉండదు, గీతా ఉండదు. నీలాకాశానికేసి ఎత్తి పట్టుకుంటే ఆ నీళ్లూ నీలంగానే కనబడతాయి. అందుకే మంచి ఇన్‌స్ట్రక్టర్ గ్లాసును తెల్లటి రెక్కకు ఆనించి చూడమంటాడు, వాసన కూడా చూడమంటాడు.

ఇదంతా నూటికి నూరుపాళ్లు పైలట్ పనే. ఇందులో బద్ధకించినవాళ్లు ఉన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అయితే ఈ పరీక్ష మొత్తం ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది: ట్యాంకులో నీళ్లుంటే అవి డ్రెయిన్ దాకా వస్తాయని. విమానం నేలమీద మామూలుగా నిలబడి ఉన్నప్పుడు, ట్యాంకులో ఏ మూల ప్రమాదకరమైనంత నీరు చేరినా అది కిందున్న సంప్‌లోకి, అంటే డ్రెయిన్ ఉండే అడుగు గుంటలోకి, దిగిపోవాలని అమెరికా డిజైన్ నిబంధనల్లోనే రాసుకున్నారు. మరి అలా దిగకపోతే?

అమెరికా కంపెనీ సెస్నా తయారుచేసిన చిన్న విమానం 182 సంగతి ఇక్కడే వస్తుంది. 1978 దాకా తయారైన 182ల రెక్కల్లో పెట్రోలు ఉండేది రబ్బరు సంచుల్లో. పైన రెక్కతో సమానంగా కూర్చునే మూతలు. రబ్బరు వాషర్ ఎండి బీటలు వారితే, రాత్రంతా ఆరుబయట వానలో నిలిచిన విమానంలోకి మూత చుట్టూ నీరు ఊరుతుంది. లోపల సంచి అడుగు చదునుగా ఉంటే ఆ నీరు డ్రెయిన్‌కు చేరేది. ముడతలు పడి ఉంటే మాత్రం మడిలో గట్టు వేసినట్టు ముడత వెనకే ఆగిపోతుంది. పైలట్ గ్లాసులో వచ్చేది అచ్చమైన నీలం పెట్రోలు. ఒకసారి కాదు, మూడుసార్లు పట్టి చూసినా అదే. రన్‌వే మీద పరుగు తీసి ముక్కు పైకెత్తగానే నీరు ముడత దాటి ఇంజిన్‌కు వెళ్లే గొట్టం దగ్గరికి దొర్లుతుంది. దిగడానికి చోటు లేనంత తక్కువ ఎత్తులో ఇంజిన్ ఆగిపోతుంది.

1984లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 84-10-01 నంబరుతో తప్పనిసరి ఆదేశం ఇచ్చింది. రబ్బరు సంచులున్న సెస్నాల్లో ముడతలు వెతికి సరిచేయాలి, మూతల నుంచి నీరు కారుతుందేమో చూడాలి, అదనపు డ్రెయిన్లు పెట్టాలి. ముడతల వెనక నీరు నిలుస్తున్న విమానాలైతే రెక్కలు పట్టుకుని పైకీ కిందికీ ఊపి, తోకను నేల దగ్గరికి దించి, ఆ తర్వాతే డ్రెయిన్ తెరిచి చూడాలి. ఒంటరిగా వచ్చిన పైలట్, నిండు ట్యాంకులతో ఉన్న విమానం రెక్కల్ని ఊపుతూ తోకను కిందికి నొక్కడం ఒక్కసారి ఊహించుకోండి. గ్లాసు పట్టి చూడటం ఒక్కటే చాలదని ఆ ఆదేశమే ఒప్పుకున్నట్టు కాదా?

కంపెనీల వాదనా ఉంది. మూతల వాషర్లు మార్చుకోవడం యజమాని బాధ్యత, సంచి బిగించేటప్పుడు ముడతలు పడితే అది మెకానిక్ లోపం, ఏ యంత్రానికీ జీవితకాలం పూచీ ఉండదు. ఈ మాటల్లో నిజం లేకపోలేదు.

ఇక 1994. అమెరికాలో 1978లో 17,811 చిన్న విమానాలు తయారై బయటికొస్తే, 1994 నాటికి అవి 928కి పడిపోయాయి. కోర్టు కేసుల భారమే ఇందుకు కారణమని కంపెనీలు మొరపెట్టుకున్నాయి. సెస్నా 1986లోనే పిస్టన్ విమానాల తయారీ ఆపేసింది. చట్టం మారితే మళ్లీ మొదలుపెడతామని అప్పటి అధిపతి రస్ మేయర్ మాటిచ్చారు. 1994 ఆగస్టు 17న అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో కొత్త చట్టం వచ్చింది. 20 సీట్ల లోపు, టైంటేబుల్ ప్రకారం ప్రయాణికులను చేరవేసే సర్వీసుల్లో లేని విమానం మొదటిసారి అమ్ముడై 18 ఏళ్లు దాటితే, ప్రమాదానికి తయారీదారుపై దావా వేయడానికి వీల్లేదు. కొత్త భాగం బిగిస్తే ఆ భాగానికి మాత్రం లెక్క మళ్లీ మొదలవుతుంది. లోపం సంగతి తెలిసీ కంపెనీ దాన్ని ఎఫ్‌ఏఏకు చెప్పకుండా దాచి ఉంటే మినహాయింపు ఉంది, కానీ దాన్ని రుజువు చేయాల్సింది చనిపోయినవాళ్ల కుటుంబమే.

1978 నాటి 182కి ఈ చట్టం వచ్చేసరికే 16 ఏళ్లు. మరో రెండేళ్లలో రబ్బరు సంచుల 182లన్నీ దాదాపుగా గడువు దాటిపోయాయి. విమానం గాల్లోకి లేవడానికి పనికొస్తుందో లేదో తేల్చుకోవాల్సింది పైలటేనన్న నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. పాత విమానం విషయంలో తయారీదారు పక్కకు తప్పుకోగా, ఆ రెక్క కింద వంగి నిలబడినవాడే చాలా కేసుల్లో మిగిలాడు. మెకానిక్‌నో యజమానినో అడగొచ్చు, నిజమే. కానీ వాళ్ల దగ్గర డబ్బూ ఉండదు, డిజైన్ కాగితాలూ ఉండవు.

మేయర్ మాట నిలబెట్టుకున్నారు. కాన్సాస్‌లోని ఇండిపెండెన్స్ పట్టణంలో కొత్త ఫ్యాక్టరీ పెట్టి 1996లో సెస్నా 172ను మళ్లీ తయారుచేశారు. పాత 172లో పెట్రోలు పట్టి చూడటానికి మూడు చోట్లుంటే, కొత్తదాంట్లో పదమూడు పెట్టారు. రెక్కకు ఐదు చొప్పున పది, పొట్ట కింద మూడు. ఇలా ఎందుకు పెంచారో నాకు ఒకటే కారణం తోస్తోంది: మూడు చోట్ల చూస్తే చాలదని వాళ్లకూ తెలుసు. కొత్త విమానం మీద 18 ఏళ్లపాటు దావా వేయొచ్చు మరి.

మన ఫ్లయింగ్ స్కూళ్లలోనూ, మన పిల్లలు అప్పులు చేసి చేరుతున్న ఫ్లోరిడా, టెక్సాస్ స్కూళ్లలోనూ సెస్నా 152లు, పాత 172లు ఇంకా ఎగురుతున్నాయి. 152 తయారీ 1980ల మధ్యలోనే ఆగింది, అంటే ప్రపంచంలో ఉన్న ప్రతి 152కీ ఆ గడువు ఎప్పుడో దాటింది. వీటివి రబ్బరు సంచులు కావు, ముడతల గొడవ లేదు. కానీ మూతలు, వాషర్లు, రాత్రంతా ఆరుబయట వాన మాత్రం అవే.

కూలిన తర్వాత సాక్ష్యం ఎంత మిగులుతుందో కూడా చెప్పాలి. ట్యాంకు పగిలితే పెట్రోలు కారిపోతుంది, లేదా మండిపోతుంది. అగ్నిమాపక సిబ్బంది కొట్టిన నీళ్లు అదే ట్యాంకులోకి చేరతాయి. అడుగున దొరికిన నీరు నిన్నటి వానదా, పైపుదా అన్నది చాలాసార్లు తేలదు. ముడత ఎక్కడుందో చెప్పాల్సిన సంచి కాలి బూడిదై ఉంటుంది. దర్యాప్తు అధికారి చేతికి చెక్కుచెదరకుండా దొరికేది ఒక్కోసారి చెక్‌లిస్టు కాగితం ఒక్కటే.