బ్రిటన్ అంబ్రెల్లా కంపెనీలు: పాతికేళ్లుగా చేతులు మారుతున్న పన్ను బాధ్యత

బ్రిటన్‌లో కాంట్రాక్టర్లకు, అంటే ఒప్పందంపై పనిచేసే నిపుణులకు, జీతాలు చెల్లించే అంబ్రెల్లా పేరోల్ కంపెనీ వారి పన్నును, నేషనల్ ఇన్సూరెన్స్‌ను (సామాజిక భద్రత కోసం జీతంపై కట్టే చందా) ఖజానాకు జమ చేయకుండా ఎగ్గొడితే, ఆ బాకీని ఇకపై రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ నుంచి నేరుగా వసూలు చేయవచ్చు. మధ్యలో ఏజెన్సీ లేకపోతే పని చేయించుకున్న క్లయింటే కట్టాలి. 2026 ఏప్రిల్ 6 నుంచి జరిగే చెల్లింపులకు వర్తించే ఈ నిబంధనలో, మేము అన్నీ విచారించుకునే ఆ కంపెనీని ఎంచుకున్నామన్న వాదనకు చోటు లేదు. ఇంత కఠినమైన నిబంధన ఎందుకు అవసరమైందో తెలియాలంటే పాతికేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

1990లలో అక్కడి ఐటీ కాంట్రాక్టర్లలో చాలామంది ఒంటరి మనిషి లిమిటెడ్ కంపెనీలు పెట్టుకుని, కొద్దిపాటి జీతం చూపించి, మిగతాది డివిడెండ్‌గా తీసుకునేవారు. డివిడెండ్‌పై నేషనల్ ఇన్సూరెన్స్ ఉండదు. శుక్రవారం ఉద్యోగానికి రాజీనామా చేసి, సోమవారం అదే కుర్చీలో సొంత కంపెనీ తరఫున కూర్చునే పద్ధతిని అరికట్టాలని గార్డన్ బ్రౌన్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు, 1999 మార్చి 9న, బడ్జెట్ రోజున అప్పటి పన్నుల శాఖ ఇన్‌లాండ్ రెవెన్యూ (ఐఆర్) 35వ నంబరు పత్రికా ప్రకటన విడుదల చేసింది. ఐఆర్ 35 అన్న పేరు దానికి అలా వచ్చిందే. 2000 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ఆ చట్టం, కాంట్రాక్టరు నిజంగా వ్యాపారినా, ముసుగు వేసుకున్న ఉద్యోగినా అన్నది తేల్చుకునే భారాన్ని అతని సొంత కంపెనీపైనే పెట్టింది.

ఆ చిక్కు వద్దనుకున్నవారికి అంబ్రెల్లా కంపెనీలు ఆశ్రయమిచ్చాయి. కాంట్రాక్టరును అంబ్రెల్లా ఉద్యోగిగా చేర్చుకుంటుంది, ఏజెన్సీ నుంచి డబ్బు తీసుకుంటుంది, పన్నులు మినహాయించి జీతం ఇస్తుంది. అయితే అప్పట్లో అసలు ఆకర్షణ వేరే ఉంది. ఒకే యజమాని కింద పలుచోట్ల పని చేస్తున్నట్టు లెక్క కాబట్టి ప్రతి క్లయింటు ఆఫీసూ తాత్కాలిక కార్యస్థలమే అయ్యేది. ఇంటి నుంచి అక్కడికి ప్రయాణ ఖర్చుకూ, భోజనానికీ పన్ను మినహాయింపు దొరికేది. పర్యవేక్షణ, ఆదేశం, నియంత్రణల కింద పనిచేసేవారికి ఆ వెసులుబాటును 2016 ఏప్రిల్‌లో తొలగించారు.

దాంతో అంబ్రెల్లాల గిరాకీ తగ్గిపోవాల్సింది. తగ్గలేదు సరికదా, ప్రభుత్వమే వాటికి కొత్త జనాన్ని పంపింది. కాంట్రాక్టరు హోదాను నిర్ణయించే బాధ్యతను 2017లో ప్రభుత్వ సంస్థలకూ, కోవిడ్ వల్ల ఏడాది వాయిదా పడి 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు రంగంలోని మధ్యతరహా, పెద్ద క్లయింట్లకూ బదలాయించారు. తప్పు తేలితే పన్ను తమ నెత్తిన పడుతుందన్న భయంతో అనేక సంస్థలు ఒక్కొక్కరి పనినీ విడిగా పరిశీలించే శ్రమ మానేసి, లిమిటెడ్ కంపెనీలతో ఒప్పందాలే వద్దని ప్రకటించడంతో వాటి కాంట్రాక్టర్లు అంబ్రెల్లాల వైపు మళ్లారు. 2022 సెప్టెంబరులో అప్పటి ఆర్థికమంత్రి క్వాసీ క్వార్టెంగ్ ఈ మార్పులను రద్దు చేస్తానన్నారు. నెల తిరగకుండానే, అక్టోబరు 17న, ఆయన స్థానంలో వచ్చిన జెరెమీ హంట్ ఆ రద్దునే రద్దు చేశారు.

ఈ తాకిడికి తెలుగువారూ లోనయ్యారు. స్కిల్డ్ వర్కర్ వీసాపై ఉన్నవారికి స్పాన్సరు చేసిన యజమాని దగ్గరే పని కాబట్టి అంబ్రెల్లా వారికి పనికిరాదు. శాశ్వత నివాసం వచ్చినవారికీ, డిపెండెంట్ వీసాపై ఉన్న భార్యకో భర్తకో మాత్రం కాంట్రాక్టు ఉద్యోగం అందుబాటులో ఉంటుంది. రోజుకు 400 పౌండ్లు అన్న మాట విని చేరినవారు మొదటి పేస్లిప్ చూసి కంగుతినడం సహజం. ఐదు రోజులకు వచ్చిన 2,000 పౌండ్లలో, పెన్షన్ పక్కన పెట్టి, అంబ్రెల్లా రుసుము 20 పౌండ్లు అనుకుంటే, యజమాని వాటా నేషనల్ ఇన్సూరెన్స్ సుమారు 245, అప్రెంటిస్‌షిప్ లెవీ (శిక్షణ కోసం యజమానులు కట్టే పన్ను) సుమారు 9 పోతాయి. సెలవు జీతంతో కలిపి మిగిలే 1,727 పౌండ్లే అసలు స్థూల జీతం. ఉద్యోగి కట్టాల్సిన పన్నులు ఆ తర్వాత మొదలవుతాయి. యజమాని వాటా 2025 ఏప్రిల్‌లో 13.8 శాతం నుంచి 15 శాతానికి పెరగడంతో కోత ఇంకా పెరిగింది. ఇందులో మోసమేమీ లేదు. ముందే విడమరిచి చెప్పకపోవడంలోనే ఉంది తప్పంతా. వివరాలను ఒక పత్రంలో ముందే ఇవ్వాలని 2020 ఏప్రిల్ నుంచి ఏజెన్సీలకు నిబంధన ఉన్నా, దాన్ని శ్రద్ధగా చదివేవారు అరుదు.

అసలు మోసం, ఆదాయంలో 80 శాతానికి పైగా చేతికి వస్తుందన్న ప్రకటనల వెనుక ఉంటుంది. కొంత జీతంగా ఇచ్చి, మిగతాది తిరిగి చెల్లించనక్కర్లేని అప్పుగా చూపించడం దాని కిటుకు. ఇలాంటి పాత అప్పులపై 2019లో విధించిన లోన్ చార్జ్ అనే పన్ను వేలాది కాంట్రాక్టర్లకు పెద్దపెద్ద నోటీసులు తెచ్చిపెట్టింది. పథకాలు అమ్మినవారిలో చాలామంది అప్పటికే కంపెనీలు మూసేశారు. ప్రభుత్వ అంచనా ప్రకారం 2022-23లో కనీసం 7 లక్షల మంది అంబ్రెల్లాల కింద పనిచేయగా, వారిలో 2,75,000 మందిని నియమించుకున్న కంపెనీలు ఏదో ఒక దశలో పన్ను నిబంధనలు పాటించలేదు. ముసుగు జీతాల పథకాల వల్ల ఆ ఏడాది ఖజానాకు పడిన గండి సుమారు 50 కోట్ల పౌండ్లు. 2024 అక్టోబరు బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ బాధ్యతను ఏజెన్సీల మీదికి మళ్లించడానికి కారణం ఇదే.

పన్ను వసూలుపై చూపిన ఈ పట్టుదల కార్మిక హక్కులపై కనబడలేదు. ఏజెన్సీలను నియంత్రించే 1973 నాటి చట్టంలో అంబ్రెల్లాలకు నిర్వచనమే లేకపోవడంతో, తనిఖీ అధికారులు వాటి గడప తొక్కే వీలు లేకపోయింది. 2025 డిసెంబరు 18న రాజముద్ర పడిన ఉపాధి హక్కుల చట్టం ఆ నిర్వచనాన్ని విస్తరించి, 2026 ఏప్రిల్‌లో ఏర్పాటైన, కార్మిక హక్కుల అమలును చూసే ఫెయిర్ వర్క్ ఏజెన్సీ పరిధిలోకి వాటిని తేవడానికి వీలు కల్పించింది. అయితే అంబ్రెల్లాలకు వర్తించే నిబంధనలు 2027లో గానీ రావని ప్రభుత్వ కాలపట్టిక చెబుతోంది. పన్ను ఎగవేతకు ఇప్పటికే జవాబుదారీ ఉంది. సెలవు జీతం దక్కని కాంట్రాక్టరు మాత్రం అప్పటిదాకా ఎంప్లాయ్‌మెంట్ ట్రైబ్యునల్‌కు తానే వెళ్లి పోరాడుకోవాలి.