చెవిటి నీరుగంటి

"సార్, ముక్కులో కొట్టుకునే మందే కదా, జలుబు చేసినప్పుడు ఇంకోసారి ఎక్కువ కొట్టొచ్చా?"

తిరుపతి గాంధీ రోడ్డులో గాజుల అంగడి పెట్టుకున్న నా పాత విద్యార్థి పోయిన వారం ఇంటికొచ్చి అడిగాడు. చేతిలో చిన్న స్ప్రే సీసా. వాళ్ల పిల్లవాడికి పన్నెండేళ్లు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ ఉంటే ఆపరేషన్ చేశారు. అప్పట్నుంచి వాడు చెంబులకు చెంబులు తాగడం, రాత్రంతా లేస్తూనే ఉండడం. వాళ్ల అవ్వ దిష్టి తీసి తాయెత్తు కట్టించింది. అదే వారం డాక్టర్లు డెస్మోప్రెసిన్ అనే ఈ స్ప్రే రాశారు. వాడు తేరుకున్నాడు, పేరు మాత్రం తాయెత్తుకొచ్చింది.

వాసోప్రెసిన్ అనే హార్మోన్ తగ్గితే అతిమూత్రం అని నేనూ ముప్పయ్యేళ్లు ఒక్క వాక్యంలో చెప్పి పాఠం ముగించినవాణ్ణే. మార్కు వచ్చేది, అర్థం రాలేదు. అందుకే ఈసారి నా శిష్యుణ్ణి కూర్చోబెట్టి చెరువు కథ చెప్పాను.

మన చిత్తూరు పల్లెల్లో చెరువు నీళ్లు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. భుజాన పార, కాలువ గట్టు మీద నడక. మడవ తెరిస్తే నీళ్లు పొలంలోకి పోతాయి, మూస్తే నేరుగా వంకలో కలుస్తాయి. పొలం మన ఒళ్లు, వంక మూత్రం. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్లు వడగడతాయి. అందులో ఎక్కువ భాగం దారిలోనే, ఎవరూ చెప్పకుండానే ఒంట్లోకి తిరిగి చేరుతుంది. చివరి కాలువలకు చేరేది దాదాపు పదో వంతు, అంటే 18 లీటర్లు. నీరుగంటి పెత్తనమంతా దానిమీదే. ఆయన బాగా పనిచేస్తే వంకలోకి పోయేది లీటరున్నర. అసలు రాకపోతే పదిహేను లీటర్లు దాటినా దాటుతుంది.

ఆ నీరుగంటే వాసోప్రెసిన్. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో తయారై పిట్యూటరీలో నిలవ ఉంటుంది. రక్తంలో ఉప్పు చిక్కదనం నూటికి ఒకటి రెండు వంతులు పెరిగితే చాలు, బయల్దేరుతుంది. మూత్రనాళిక చివరి భాగంలోని కణాల మీద వీ2 అనే గ్రాహకాన్ని తడుతుంది. లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, ప్రోటీన్ కైనేజ్ అనే ఎంజైము మేలుకుంటుంది, సంచుల్లో మూటగట్టి ఉన్న, నీళ్లను పోనిచ్చే ఆక్వాపోరిన్-2 గొట్టాలు పైకొచ్చి కణం గోడలో బిగుసుకుంటాయి. ఇక్కడ నాకెప్పుడూ ఆశ్చర్యమే: ఈ గట్టుకు మడవలు శాశ్వతంగా ఉండవు. నీరుగంటి కేకేస్తే తెచ్చి బిగిస్తారు, వెళ్లిపోతే పీకి లోపల దాచుకుంటారు! ఆక్వాపోరిన్లను కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

రెండు గ్లాసుల నీళ్లు తాగితే అసలు నీరుగంటి ఇంటికెళ్లిపోతాడు. రక్తంలో ఆయన నిలిచేది నిమిషాలే. స్ప్రేలో ఉన్న డెస్మోప్రెసిన్ కూలికొచ్చిన మనిషి. 1960లలో ప్రాగ్ రసాయనవేత్తలు వాసోప్రెసిన్ గొలుసులో మొదటిదాని అమైనో కొన తీసేసి, ఎనిమిదోదాన్ని అద్దంలో బొమ్మలా తిప్పేశారు. ఇక ఎంజైములు దాన్ని అంత సులువుగా కొరకలేవు. రక్తపోటు పెంచే గుణమూ దాదాపు పోయింది. ఎనిమిది గంటలు, కొందరిలో ఇరవై గంటల దాకా పని చేస్తాడు. గట్టి మనిషే, కాకపోతే చెవుడు. వాన పడుతోంది, పొలం నిండింది అని హైపోథాలమస్ ఎంత అరిచినా మడవ మూయడు.

అప్పుడు తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే ఉండిపోతాయి. రక్తంలో లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాల్సిన సోడియం పలచబడి కిందికి దిగుతుంది. మెదడు కణాలు ఉబ్బుతాయి. తలనొప్పి, వాంతులు, మత్తు, తికమక, ఆఖరికి ఫిట్స్. కాబట్టి ఈ మందుతో వచ్చే ముప్పు ఎక్కువగా సీసాలోంచి రాదు, చెంబులోంచి వస్తుంది. "ఎండలు ముదిరాయి, దండిగా నీళ్లు తాగండి" అని ఊరంతా చెప్పే మాట ఈ పిల్లవాడికి పనికిరాదు. దాహమైనంతే తాగాలి. మందు బలం తగ్గి మూత్రం ధారాళంగా వచ్చాకే తర్వాతి మోతాదు వేసుకోమని చాలామంది డాక్టర్లు చెప్పేదీ అందుకే. పొలం ఆరే సమయం అది.

ఇక జలుబు సంగతి. ఈ స్ప్రేలో ఒక్క నొక్కుకు మామూలుగా 10 మైక్రోగ్రాములు వస్తుంది. అందులో రక్తంలోకి చేరేది నూటికి నాలుగు పాళ్లకు అటూ ఇటూ. ముక్కు దిబ్బడేస్తే ఆ లెక్కా తప్పుతుంది. అలాగని సొంతంగా ఇంకో నొక్కు నొక్కితే, దిబ్బడ వదిలిన రోజు ఎంత ఎక్కిందో తెలియదు. డాక్టరుకు ఫోన్ చెయ్యి, ఆ నాలుగు రోజులకూ మాత్ర రాస్తారేమో అడుగు అన్నాను. ఒక పూట మరిచిపోతే రెండు పూటలది కలిపి వెయ్యకూడదు. కొత్త సీసా అయితే సన్నని తుంపర వచ్చేదాకా గాల్లోకి నొక్కాలి. అట్ట మీద రాసినన్ని నొక్కులు అయ్యాక అడుగున మందు మిగిలినా పారెయ్యాలి, ఆ మిగులు సరైన కొలతకు రాదు. నొప్పికని ఐబుప్రొఫెన్, ఫిట్స్‌కని కార్బమజెపైన్ ఎవరైనా ఇవ్వబోతే ఈ స్ప్రే సంగతి ముందు చెప్పాలి. రెండూ నీరుగంటి వైపే మొగ్గి నీళ్లను ఒంట్లో ఇంకా నిలిపేస్తాయి.

"పక్కింటామె వాళ్ల పిల్లోడు పక్క తడుపుతాండాడని ఒకసారి ఇమ్మనింది సార్." వద్దన్నాను గట్టిగా. పక్క తడిపే పిల్లలకు ముక్కు స్ప్రే వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లోనే చెప్పింది, సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చినందుకే.

ఇంకో తిరకాసు పేరుతో. ఈ జబ్బును ఇంగ్లీషులో డయాబెటిస్ ఇన్సిపిడస్ అనేవారు, మనవాళ్లు అతిమూత్రం అంటే షుగరే అనుకుంటారు. ఆయుర్వేదం ఇరవై మేహాల్లో మధుమేహాన్నీ ఉదకమేహాన్నీ ఎప్పుడో వేరుచేసి చెప్పింది. పలు దేశాల హార్మోన్ వైద్యులు 2022లో పేరు మార్చి ఆర్జినిన్ వాసోప్రెసిన్ డెఫిషియెన్సీ, అంటే వాసోప్రెసిన్ లోటు, అన్నారు. పేరు చూసి షుగర్ అనుకుని ఆసుపత్రుల్లో ఈ మందు ఇవ్వకపోతే ప్రాణం మీదికొస్తుంది మరి. పిల్లవాడి బడి సంచిలో ఈ పేరూ మందు పేరూ రాసిన కాగితం పెట్టమన్నాను.

"అలిపిరి మెట్లెక్కాలని మొక్కు ఉంది సార్, మూడువేల ఐదొందల మెట్లు. చెమట పోతుంది కదా?"

డాక్టరుతో మాట్లాడి ఎక్కండి, దాహమైతే తాగమను, పక్కవాడు మజ్జిగ తాగుతున్నాడని తాగొద్దను అన్నాను. సరేనని లేచి, సీసా స్కూటర్ డిక్కీలో పెట్టబోయాడు. మే నెల, మిట్ట మధ్యాహ్నం. చెయ్యి పట్టుకుని ఆపాను.