పాత బండికి కొత్త పెట్టె

2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ లేని వాహనాన్ని అలిపిరి దాటనివ్వబోమని తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకటించింది. లేనివారికి అక్కడికక్కడే ఇచ్చే ఏర్పాటు కూడా చేసింది. అద్దానికి అంటించే చిన్న బిళ్ల అది. దానికి బండిలో తీగలు కలపక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. అయినా పాత బండ్లు నడిపేవారికి అది కొత్త చిక్కే. జాతీయ రహదారి మీద అప్పట్లో ఫాస్టాగ్ లేకపోతే రెట్టింపు కట్టి పోనిచ్చేవారు. ఆ ఏడాది నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లే. అలిపిరిలో ఆ వెసులుబాటు లేదు, అక్కడ బిళ్ల వేయించుకోవాలి, లేదా వెనక్కి తిరగాలి. పాత బండ్లలో చాలావాటికి కాగితాలు ఇంకా మొదటి యజమాని పేరు మీదే ఉంటాయి. మూడు చేతులు మారిన జీపుకు బిళ్ల కావాలంటే ఆ పేరు దగ్గరే పేచీ రావచ్చు. బిళ్లకు పట్టేది పది నిమిషాలు, పేరు మార్పుకు పట్టేది ఎన్ని రోజులో తిరిగినవారికే తెలుసు.

ఈ మాట చల్లారకముందే నవంబరులో కేంద్రం ఫిట్‌నెస్ పరీక్ష ఫీజులను మళ్లీ సవరించింది. ఎక్కువ ఫీజు మొదలయ్యే వయసును 15 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు దించింది. 20 ఏళ్లు దాటిన లారీకో బస్సుకో పరీక్ష ఫీజే 25,000 రూపాయలైంది. దాంతో చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పాత వ్యానో లారీయో ఉన్న ప్రతి ఇంట్లోనూ పాత ప్రశ్నే మళ్లీ లేచింది. గట్టిగా నడుస్తున్న బండికి ఈ కొత్త హంగులన్నీ ఎందుకు?

2012 డిసెంబరు ఢిల్లీ ఘటన, తర్వాత వచ్చిన నిర్భయ నిధి, ప్రజా రవాణా వాహనాల్లో ఆపద మీట పెట్టాలన్న నిర్ణయం అందరికీ తెలిసినవే. బండ్లలో ఈ కొత్త హంగుల కథ చెప్పేవారు సాధారణంగా అక్కడి నుంచి మొదలుపెడతారు. నా లెక్కలో అసలు మలుపు అది కాదు. అది 2015 ఏప్రిల్ 15న, పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక నోటిఫికేషన్‌లో ఉంది.

మామూలుగా భద్రతా హంగుల విషయంలో మన చట్టం ముందుకే చూస్తుంది. ఫలానా తేదీ తర్వాత తయారయ్యే బండ్లకు ఇది ఉండాలంటుంది, పాతవాటి జోలికి పోదు. 125 సీసీ దాటిన మోటారు సైకిళ్లకు ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, అలాగే వచ్చింది. కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి. కార్లలో డ్రైవరు ఎదుట ఎయిర్‌బ్యాగు, వెనక్కి తీసేటప్పుడు మోగే సెన్సారు, సీటు బెల్టు గంట 2019 జులై 1 నుంచి. ఇవన్నీ ఫ్యాక్టరీలో పుట్టే బండ్ల సంగతి. అంతకు ముందే పుట్టిన అంబాసిడరుకో సుమోకో ఎయిర్‌బ్యాగు పెట్టించుకొమ్మని ఎవరూ అడగలేదు. అడిగినా కుదిరే పని కాదు.

2015 నాటి నోటిఫికేషన్ వేగ నియంత్రణ పరికరానికి సంబంధించినది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 118వది. ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత తయారయ్యే రవాణా వాహనాలు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా ఆ పరికరంతోనే బయటికి రావాలి. బడి బస్సులు, ట్యాంకర్లు, టిప్పర్ల వంటివాటికి 60. అక్కడితో ఆగి ఉంటే ఇది కూడా పై జాబితాలో ఒకటయ్యేది. ఆగలేదు. అంతకుముందు తయారైన రవాణా వాహనాలకూ దాన్ని బిగించాలంది. బండి లోపలి తీగల్లోకి, గొట్టాల్లోకి చట్టం చెయ్యి పెట్టింది అక్కడే. ఆ తర్వాత వచ్చిన తగవులన్నీ ఆ చెయ్యి వెంట వచ్చినవే.

కొత్త ఇంజిన్లలో ఇది సులువు. డీజిల్ ఎంత పోవాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది కాబట్టి అందులో ఒక అంకె మారిస్తే చాలు. పాత ఇంజిన్‌కు కంప్యూటర్ ఎక్కడిది? పంపు, గవర్నరు, స్ప్రింగు, అన్నీ ఇనుపవే. పెజో ఇంజిన్ ఉన్న పాత మహీంద్రా జీపునే చూడండి. బ్యాటరీ చచ్చిపోతే నలుగురు తోస్తే స్టార్టవుతుంది, స్టార్టయ్యాక బ్యాటరీతో దానికి పని లేదు. అటువంటి బండికి వేగం కట్టాలంటే యాక్సిలరేటరు తీగ దగ్గర ఒక మోటారు పెట్టాలి, లేదా డీజిల్ గొట్టాన్ని కోసి మధ్యలో కరెంటుతో మూసుకునే కవాటం పెట్టాలి. బండి ఎంత వేగంతో పోతోందో ఆ పెట్టెకు తెలియాలిగా? ఆ కబురు స్పీడోమీటరు కేబులు దగ్గరి నుంచి పోవాలి. ఆ కేబులు తెగిందంటే బండి పరుగెడుతున్నా పెట్టె లెక్కలో నిలబడి ఉన్నట్టే. పాత బండ్లలో ఆ కేబులు తెగని బండి ఏదో చెప్పడం కష్టం.

ఫలితం ఎలా ఉంటుందో తిరుపతి ఆటోనగర్‌లో ఒక షెడ్డులో దగ్గరగా చూశాను. పదిహేనేళ్లు దాటిన వ్యాను. డ్యాష్‌బోర్డు కింద వంగి చూస్తే అరచేతంత నల్లపెట్టె ఒకటి, దాని సీలు చెక్కు చెదరలేదు. దాని నుంచి ఇంజిన్ వైపు పోవలసిన రెండు తీగలు మాత్రం మడతపెట్టి, ఇన్సులేషన్ టేపు చుట్టి, పక్కనే వేలాడుతున్నాయి. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ పరీక్షకు, పోయే ముందు రోజు వాటిని కలుపుతారు, వచ్చిన మర్నాడు విప్పుతారు. మెకానిక్కు ఇందులో దాచవలసినదేమీ కనిపించలేదు. కవాటం దగ్గర గాలి పట్టి బండి ఎత్తు మీద ఆగిపోతుంటే విప్పక ఏం చేయాలని ఆయన ఎదురు ప్రశ్న. సీలు ఉంది, ధ్రువపత్రం ఉంది. కాగితం ప్రకారం ఆ వ్యాను వేగానికి కళ్లెం ఉంది.

ఇప్పుడు ఆపద మీట కథ చూస్తే, 2015 పాఠం ఎంత వరకు వంటబట్టిందో తెలుస్తుంది. వాహనం ఎక్కడుందో చెప్పే పరికరం, ఆపద మీట తప్పనిసరి చేస్తూ 2016 నవంబరు 28న నోటిఫికేషన్ వచ్చింది. అమలు తేదీ 2018 ఏప్రిల్ 1 అన్నారు. తర్వాత 2018 అక్టోబరులో ఇంకో నోటిఫికేషన్ ఇచ్చి, 2019 జనవరి 1 తర్వాత రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాలకే తప్పనిసరి చేశారు. అంతకుముందు రిజిస్టరైనవాటికి తేదీ పెట్టే పని రాష్ట్రాలకు వదిలేశారు. మూడు చక్రాల బండ్లకు మినహాయింపు ఇచ్చారు. కేంద్రం కూడా పాత బండి దగ్గర కాస్త తడబడిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మన రాష్ట్రం మాత్రం మినహాయింపు ఉన్న చోటు నుంచే మొదలుపెట్టింది. 2020 నవంబరు 23న విశాఖపట్నంలో వెయ్యి ఆటోలతో అభయం ప్రాజెక్టు ప్రారంభమైంది. మరుసటి నవంబరు నాటికి లక్ష వాహనాలకు పరికరాలు బిగించాలన్నది అప్పటి లక్ష్యం. విస్తరించే నగరాల వరుసలో తిరుపతి పేరు కూడా ఉంది. లక్ష్యం సంగతి సరే. ఈ రోజు తిరుపతి బస్టాండు ముందు ఆటో ఎక్కి ఆ మీట ఎక్కడుందో వెతుక్కోండి.

ఈ పరికరం చేసే పని చిన్నదేమీ కాదు. ఉపగ్రహాల నుంచి స్థానం పట్టుకుంటుంది, సిమ్ ద్వారా కంట్రోలు గదికి పంపుతుంది. సిగ్నలు లేని చోట 40,000 దాకా స్థానాలను దాచుకుని తర్వాత పంపుతుంది. బండి బ్యాటరీ తీగ ఎవరైనా తెంపినా నాలుగు గంటల పాటు సొంత బ్యాటరీతో బతకాలన్నది ప్రమాణం. కానీ అది పూర్తిగా నిద్రపోదు. రోజూ తిరిగే బస్సుకు ఇబ్బంది లేదు. పెళ్లిళ్ల కాలంలోనో బ్రహ్మోత్సవాలప్పుడో తప్ప కదలని పాత వ్యానుకు అదే తంటా. పది రోజులు షెడ్డులో నిలబెడితే బలహీనమైన బ్యాటరీని కొద్దికొద్దిగా తాగేసి, తెల్లవారి బేరానికి బయలుదేరేసరికి స్టార్టరు టక్ మని ఊరుకుంటుంది.

ఇంతకన్నా పెద్ద సమస్య వయసుల తేడా. ఇనుము పాతికేళ్లు నిలుస్తుంది, సిమ్ నిలవదు. ఎయిర్‌టెల్ 2020లోనే 3జీని మూసేసింది. జియోకు మొదటి నుంచీ 2జీ లేదు. పరికరంతో పాటు వచ్చిన సిమ్ గడువు ఏడాదికో రెండేళ్లకో తీరుతుంది, మళ్లీ డబ్బు కడితేనే ధ్రువపత్రం. పరికరం అమ్మినవారు ఆ మధ్యలో దుకాణం కట్టేస్తే పాత పెట్టె పీకేసి కొత్తది కొనడమే దారి. బండి మారలేదు, ఇంజిన్ మారలేదు, పెట్టెలు మాత్రం మారుతూనే ఉంటాయి.

రవాణా శాఖ పక్షాన ఉన్న మాట కూడా చెప్పాలి. 2022 మార్చిలో భాకరాపేట కనుమలో నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న ప్రైవేటు బస్సు లోయలో పడింది. మలుపులో మితిమీరిన వేగమే కారణమని అప్పట్లో చెప్పారు. వేగానికి కళ్లెం ఎందుకని ఆ కుటుంబాల ముందు అడగలేం. 2023 సెప్టెంబరులో తిరుమల నుంచి ఉచిత విద్యుత్ బస్సునే దొంగిలించుకుపోతే, జీపీఎస్ ఆధారంగా నాయుడుపేట దగ్గర పట్టుకున్నారు. అంటే పెట్టె పనిచేసే చోట పనిచేస్తుంది. అదే ఏడాది మే నెలలో కొండ దిగుతున్న విద్యుత్ బస్సు ఒకటి బోల్తా పడిందన్నది కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి. అన్ని హంగులూ ఉన్న కొత్త బస్సే అది.

తిరుమల కనుమ దారి దగ్గరికి వస్తే 80 కిలోమీటర్ల పరిమితికి అర్థమే లేదు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరుచుకుంది. సుమారు 19 కిలోమీటర్లు, 36 మలుపులు. ఇప్పుడు దాన్ని దిగడానికి వాడుతున్నారు. అక్కడ 50తో పోయినా ఎక్కువే, 80 దగ్గర మేలుకునే పెట్టె ఆ 19 కిలోమీటర్లూ నిద్రలోనే ఉంటుంది. మరి అక్కడ ఇన్నేళ్లూ వేగాన్ని ఆపింది ఏమిటి? చీటీ. కింద అలిపిరిలో బయలుదేరిన సమయం వేసి ఇచ్చేవారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు. అంతకన్నా ముందే అవతలి గేటు చేరితే జరిమానా. ఇందులో సెన్సారు లేదు, ఉపగ్రహం లేదు. 1980ల నాటి జీపుకూ నిన్న కొన్న కారుకూ ఒకే చీటీ. తొందరపడి వచ్చినవారు గేటుకు కొంచెం ఇవతల బండి ఆపి, చెట్టు కింద టీ తాగి, లెక్క సరిపోయాక కదిలేవారు, నిజమే. ఎత్తుకు పైఎత్తు మనవాళ్లకు కొత్త కాదు. అయినా ఆ పద్ధతి పాత బండి లోపలికి చెయ్యి పెట్టకుండానే దాని వేగాన్ని పట్టుకుంది. ఫాస్టాగ్ గేట్లు వచ్చిన తర్వాత ఆ లెక్కను అదే బిళ్ల ఎవరి చేతి చీటీ లేకుండా చేయగలదు. పాత బండ్లవారు బిళ్లను తిట్టుకునే ముందు ఈ సంగతి ఆలోచించవచ్చు.

దిగేటప్పుడు అసలు భయం బ్రేకులతో. డ్రమ్ము బ్రేకులున్న బండిని మూడో గేరులోనో నాలుగో గేరులోనో వదిలి, మలుపు మలుపుకూ కాలితో తొక్కుతూ వస్తే డ్రమ్ములు కాగిపోతాయి, లైనర్లు పట్టు వదిలేస్తాయి. డీజిలు మిగులుతుందని న్యూట్రలు చేసి ఇంజిన్ ఆపేసేవారు ఇంకా మొండివారు. బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ ఇంజిన్ నడుస్తుంటేనే తయారవుతుంది. ఆపేస్తే రెండు మూడు తొక్కులకు పెడలు రాయిలా బిగుస్తుంది. అందుకే అనుభవమున్న జీపు డ్రైవర్లు కొండ మీది జీఎన్‌సీ టోల్‌గేటు దాటగానే రెండో గేరులోకి వచ్చేస్తారు, ఇంజినే బండిని పట్టుకుంటుంది.

పాత బండికి నిజంగా అక్కరకొచ్చే కొత్త సాంకేతికత ఒకటుంది. అది బండిలో ఉండదు, నేలలో ఉంటుంది. ఆటోమేటిక్ పరీక్షా కేంద్రాల్లో చక్రాలను రోలర్ల మీదికి ఎక్కించి, ఒక్కో చక్రం ఎంత గట్టిగా ఆగుతోందో అంకెల్లో కొలుస్తారు. ఎడమ చక్రం పట్టి కుడి చక్రం జారుతుంటే కంటికి కనిపించదు, అక్కడ కనిపిస్తుంది. భారీ వాహనాలకు ఈ పరీక్ష 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అన్నారు, తర్వాత 2024 అక్టోబరు 1కి జరిపారు. వేగపు పెట్టెకు ఇచ్చిన తొందర దీనికి ఇవ్వలేదు. ఫీజులు మాత్రం ఆగలేదు. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ కొనసాగించడానికి 600 ఉన్నది 5,000 అయింది. అదే వయసున్న బస్సుకో లారీకో ఫిట్‌నెస్ పత్రం 12,500 అయింది. ఆ తర్వాతదే మొదట్లో చెప్పిన 2025 పట్టిక.

ఆటోనగర్ వ్యాను యజమాని ఎఫ్‌సీ ఖర్చు ఒక సిగరెట్ పెట్టె వెనక రాసుకున్నారు. ఫీజు, మెరిసే టేపు, సిమ్ గడువు పొడిగింపు, వేగపు పెట్టె ధ్రువపత్రం, నంబరు ప్లేటు. అన్నీ కూడి కింద గీత గీశారు. ముందు చక్రాల లైనర్లు అరిగాయని మెకానిక్ డ్రమ్ము విప్పి చూపించాడు. యజమాని వంగి వేలితో తడిమి చూశారు.

“ఇంకో నెల వస్తాయిలే తమ్ముడూ, ఎఫ్‌సీ కానీ” అని మళ్లీ బిగించమన్నారు.